పత్రాలు సరే, నీళ్లు ఏమంటున్నాయి?

ఇల్లు, స్థలం, అద్దె గురించి పాఠకులు అడిగే ప్రశ్నల్లో ఈసారి వరదతో ముడిపడినవి తీసుకున్నాం. ఇల్లు ఎక్కడ కొన్నాం, ఎంతకు కొన్నాం, అందులో ఎవరు ఉంటున్నారు అన్నదాన్ని బట్టే పెద్ద వాన తర్వాత నగరం ఎన్నాళ్లకు లేచి నిలబడుతుందో తేలుతుంది. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి.

*ప్రశ్న: నగర శివారులో చెరువు దగ్గర 150 గజాల ప్లాటు చూశాం. పక్క వెంచర్‌తో పోలిస్తే గజం ధర మూడో వంతు తక్కువ. పట్టా భూమి, ఈసీ శుభ్రంగా ఉంది, ముప్ఫై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు ఉన్నాయి. బ్యాంకు కూడా లోన్ ఇస్తానంది. ఇంకేం చూడాలి?*
— ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: మీరు చూసినవన్నీ ఆ భూమి ఎవరిదో చెప్పే కాగితాలు. అక్కడికి నీళ్లొస్తాయో రావో వాటిలో ఏ ఒక్కటీ చెప్పదు. ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా, అంతే. బ్యాంకు న్యాయవాది హక్కు చూస్తాడు, వాల్యూయర్ అమ్మితే ఎంతొస్తుందో చూస్తాడు. చెరువు మత్తడి (నిండిన చెరువు నీరు పొర్లిపోయే అలుగు) ఎంత ఎత్తులో ఉందని అడిగేవాళ్లు ఆ వరసలో లేరు.

పట్టా అన్నారని కూడా ధైర్యపడొద్దు. తెలంగాణలో శిఖం పట్టాలని ఉన్నాయి. చెరువు నీళ్లు వెనక్కి తగ్గాక ఆ మట్టిలో పంట వేసుకునే హక్కు రైతుకు ఉన్న భూములవి. పట్టా నిజమే, అమ్మేవాడి హక్కూ నిజమే. ఇల్లు కట్టడానికి మాత్రం వీల్లేదు. ధర అంత తగ్గిందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

సర్వే నంబరు పట్టుకుని ముందు హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చెరువుల వెబ్‌సైట్‌లో ఆ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి గీత) మ్యాపు తీయండి. దానికి ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే వచ్చిందా, తుది నోటిఫికేషన్ కూడా అయిందా చూడండి. ప్రాథమికమే అయితే ఆ గీత ఇంకా మారొచ్చు. తర్వాత గ్రామ నక్షా (పటం), పాత పహాణీలు (ఏటా రాసే భూమి రికార్డులు) తీయించి శిఖం, కుంట, వాగు, నాలా అన్న మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. రిజిస్ట్రేషన్ శాఖ 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఆ నంబరు ఉందేమో చూడండి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (ఎత్తుపల్లాలు, చెరువులు చూపే పటాలు) ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. 1:50,000 స్కేలు కాబట్టి మీ ప్లాటు వాటిలో కనపడదు గానీ, ఇప్పుడు మాయమైన కుంట కనపడొచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలను వెనక్కి జరిపి, నగరంలో వరదొచ్చిన 2020 వానాకాలం తర్వాతి చిత్రాన్ని ఎండాకాలపు చిత్రం పక్కన పెట్టి పోల్చండి. అందులో చూపే ఎత్తుల అంకెలను మాత్రం నమ్మొద్దు. మనకు కావలసింది అడుగులో తేడా, అక్కడ తప్పు మీటర్లలో ఉంటుంది.

ఇక బఫర్ సంగతి, అంటే చెరువు, నాలా పక్కన ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, అంతలోపు నాలాకు 2 మీటర్లు. బఫర్ దాటితే క్షేమమని చాలామంది అనుకుంటారు. ఇక్కడే పొరపాటు పడతారు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి మత్తడి దూకబోయే మట్టం. అది వరద మట్టం కాదు. మత్తడి మీదుగా రెండడుగుల నీరు దూకుతోందంటే దాని వెనక నీరు ఎఫ్‌టీఎల్ కంటే దాదాపు రెండడుగులు పైన ఉన్నట్టే. బఫర్ చెప్పేది దూరం, ఎత్తు కాదు. నేల నూరు మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచే చోట 30 మీటర్ల బఫర్‌కు దక్కే ఎత్తు 30 సెంటీమీటర్లు, అంటే ఒక్క అడుగు. రెండడుగుల వరదకు నీళ్లు 60 మీటర్ల దాకా పాకుతాయి. నేల ఇంకా చదునుగా ఉంటే ఇంకా దూరం. కాబట్టి ఆటో లెవెల్ (నేల మట్టాలు కొలిచే పరికరం) ఉన్న ప్రైవేటు సర్వేయరును పిలిచి మత్తడి పైఅంచు, ప్లాటు నడిమధ్య, ముందు రోడ్డు, దగ్గరి నాలా అడుగు, ఈ నాలుగింటి మట్టాలు తీయించండి. ఒక్కరోజు పని. ప్లాటు ధరలో ఆ ఖర్చు లెక్కలోకి కూడా రాదు.

మన చెరువులు గొలుసుకట్టువి, పైది నిండితే నీళ్లు కింది దానికి వస్తాయి. పై చెరువు పరిస్థితి కూడా కనుక్కోవాలి. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఇంటి పక్కన చెరువు లేకపోయినా మునగొచ్చు.

చివరిగా, వీధిలో మనుషుల్ని అడగండి. "ఇక్కడ వరదొస్తుందా?" అంటే రాదనే చెబుతారు, వాళ్ల ఇంటి ధర కూడా అందులోనే ఉంది కదా. "2020 అక్టోబరు 13 రాత్రి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి?" అని తేదీతో అడగండి. సొంతదారు కంటే కింది వాటాలో అద్దెకున్నవాళ్లు, కిరాణా కొట్టు మనిషి నిజం చెబుతారు. కాంపౌండు గోడల మీద నీటి మరకలు చూడండి.

ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఔట్ల ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) రుసుము కట్టేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినొద్దు. 2020 పథకానికి పాతిక లక్షల దాకా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తు తీసుకోవడం వేరు, క్రమబద్ధం చేయడం వేరు. చెరువులో, నాలాలో పడే ప్లాటు ఆ పథకం కిందికి రాదు. వెంచరు 500 చదరపు మీటర్లు దాటితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రెరా చట్టం 18(2) సెక్షన్ ప్రకారం భూమి హక్కులో లోపం వల్ల నష్టపోతే డెవలపరు నుంచి పరిహారం అడగొచ్చు, దానికి కాలపరిమితి అడ్డు రాదు. కానీ అది హక్కు లోపానికే, నీళ్లొచ్చినందుకు కాదు.

*ప్రశ్న: 2020లో మా కాలనీలో నడుము లోతు నీళ్లు. ధరలు పడిపోతాయని భయపడ్డాం. కొన్నాళ్లకే మళ్లీ పెరిగాయి. ప్రమాదం తగ్గినట్టేనా?*
— సరూర్‌నగర్ నుంచి

జవాబు: ధర పెరిగినంత మాత్రాన ప్రమాదం తగ్గినట్టు కాదు. వరద వచ్చిన ఏడాది ధర పడటం కంటే అమ్మకాలు ఆగిపోవడమే ఎక్కువ. అమ్మాలనుకున్నవాళ్లు ఆగుతారు. గోడలకు సున్నం పడి, మరకలు పోయాక, చూడటానికి వచ్చేవాళ్లకు ఆ రాత్రి సంగతి తెలియదు. హైదరాబాద్‌లో 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో 19 సెంటీమీటర్లు. మధ్యలో ఇరవయ్యేళ్లు. ఈలోపు ఒక ఇల్లు రెండు మూడుసార్లు చేతులు మారొచ్చు. ప్రతిసారీ కొనేవాడికి జ్ఞాపకం లేదు, అమ్మేవాడికి చెప్పాలన్న ఒత్తిడి లేదు. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువలు వార్డు-బ్లాకు లెక్కన, సర్వే నంబరు లెక్కన ఉంటాయి తప్ప నేల ఎత్తు లెక్కన ఉండవు.

మాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి మరొకటి. నాలుగు డబ్బులున్న సొంతదారు వరద తర్వాత ఎత్తైన చోటికి మారి, కింది వాటా అద్దెకిస్తాడు. అద్దె కొంచెం తగ్గిస్తాడు కాబట్టి అంతకు ముందున్నవాళ్ల కంటే తక్కువ ఆదాయం ఉన్న కుటుంబం దిగుతుంది. అంటే తర్వాతి వరద మరింత తక్కువ పొదుపున్నవాళ్ల మీద పడుతుంది. ఆ కుటుంబంలో ఆసుపత్రి ఆయా ఉండొచ్చు, ఆటో నడిపేవాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు ఉండొచ్చు. వరద మర్నాడు నగరానికి అందరికంటే ముందు కావలసినవాళ్లు వాళ్లే, ఆ రోజు మోకాళ్ల లోతు నీళ్లలో సామాను ఎత్తుకుంటూ ఉండేదీ వాళ్లే. 2020లో ప్రభుత్వం ఇచ్చిన సాయం కుటుంబానికి 10,000 రూపాయలు. ఫ్రిజ్జు, పరుపులు, పిల్లల పుస్తకాలు, నెల బియ్యం పోయిన ఇంటికి అది ఏ మూలకు?

మీ కాలనీలో ప్రమాదం నిజంగా తగ్గిందా అన్నది చూడాలంటే కిందికి వెళ్లి చూడండి. నాలా వెడల్పు చేశారా? చేస్తే ఆ వెడల్పు చెరువు నుంచి మూసీ దాకా ఒకేలా ఉందా? మధ్యలో ఒక్క పాత కల్వర్టు ఇరుకుగా మిగిలినా, పైన చేసిన పనంతా నీళ్లను ఇంకా వేగంగా ఆ ఇరుకు దగ్గరికి చేరుస్తుంది. కింద ఉన్న కాలనీ మునుగుతుంది.

*ప్రశ్న: అయితే మూసీ ఒడ్డున, నాలాల మీద ఉన్నవాళ్లకు వేరే చోట ఇళ్లిస్తే చాలదా?*
— చాదర్‌ఘాట్ నుంచి

జవాబు: నీళ్లలోంచి తప్పించడం మంచిదే, ఎంత దూరానికి అన్నదే ప్రశ్న. కొల్లూరులో 2023లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూమ్ సముదాయంలో 15 వేలకు పైగా ఫ్లాట్లున్నాయి. చాదర్‌ఘాట్ నుంచి అది పాతిక కిలోమీటర్ల పైమాటే. నాలుగిళ్లలో పనిచేసే ఆమెకు రెండు బస్సులు మారితే మొదటి ఇంటి పని పోతుంది. అప్పుడు ఆ ఫ్లాటు ఎవరికో అద్దెకిచ్చి, పాత చోటి దగ్గరే మళ్లీ ఓ రేకుల గది చూసుకుంటుంది. ఆ గది కూడా నాలా పక్కనే ఉంటుంది, ఎందుకంటే ఆమె ఇవ్వగలిగిన అద్దెకు దొరికేది అదే. మలక్‌పేట పిల్లిగుడిసెలు లాంటి చోట, పాత బస్తీకి దగ్గర్లోనే కట్టిన ఇళ్లలో ఈ ఇబ్బంది తక్కువ. ఎత్తైన చోట, పనికి దగ్గర్లో, చిన్న అద్దె ఇళ్లు ఉంటేనే నాలా ఒడ్డు ఖాళీ అయి ఖాళీగానే మిగులుతుంది.

*ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో మా అద్దె ఇంట్లో సామానంతా పోయింది. ఇప్పటికీ కింది వాటాలోనే ఉంటున్నాం, మారే స్తోమతు లేదు. ఓనరుగారిని ఏం అడగొచ్చు? మేం ఏం చేసుకోవాలి?*
— సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ముందు బీమా. ఇల్లు సొంతమైతేనే బీమా అన్నది పొరపాటు. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తరహా పాలసీ అమ్ముతున్నాయి. వరద, తుపాను, భూకంపం అందులోనే కలిసి ఉంటాయి. అద్దెకున్నవాళ్లు ఇంట్లో సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. ఇంటి సొంతదారు కట్టడానికి తీసుకుంటే ఆ మొత్తంలో 20 శాతం మేర, 10 లక్షలకు మించకుండా, సామానుకు కూడా దానంతటదే వర్తిస్తుంది. అయితే ఆ సామాను పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లది. ఓనరుగారి పాలసీ మీ ఫ్రిజ్జుకు పనికిరాదు.

క్లెయిములు ఎక్కువగా చెడేది తొందరలో చేసే ఒక పని వల్ల. బురద చూడలేక సామాను వీధిలో పారేస్తారు. పారేసే ముందు ప్రతి వస్తువును నీటి మరక కనపడేలా, కంపెనీ పేరు, సీరియల్ నంబరు కనపడేలా ఫొటో తీయండి. కంపెనీకి అదే రోజు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. సర్వేయరు చూసేదాకా పెద్ద వస్తువులు ఉంచండి. మునిగిన స్కూటరును, కారును స్టార్ట్ చేయకండి. ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే ఆ ఒక్క ప్రయత్నంతోనే లోపలి రాడ్లు వంగుతాయి. ఆ నష్టం కంపెనీ ఇవ్వనంటుంది.

అద్దె సంగతి. ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం వరద వల్ల ఇల్లు శాశ్వతంగా ఉండటానికి పనికిరాకుండా పోతే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు అద్దెదారుదే. ఓనరు చేయాల్సిన మరమ్మతు నోటీసు ఇచ్చినా చేయకపోతే, మీరు చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు. కానీ ఒప్పందంలో మరోలా రాసుకుంటే అదే చెల్లుతుంది. అందుకే పదకొండు నెలల కాగితం తిరగరాసేటప్పుడు రెండు మాటలు చేర్పించండి: ఇంట్లో నీళ్లుండి ఉండలేని రోజులకు అద్దె లేదు, ఖాళీ చేయాల్సి వస్తే అడ్వాన్సు 15 రోజుల్లో తిరిగివ్వాలి. మంచి ఓనర్లు దీనికి కాదనరు.

ఇంట్లో మీరు చేసుకోగలిగింది: ప్లగ్ పాయింట్లు నేల నుంచి నాలుగడుగుల పైకి మార్పించండి, ఫ్రిజ్జు కింద సిమెంటు దిమ్మె పెట్టండి, కాగితాలు అటక మీద పెట్టి నకళ్లు డిజిలాకర్‌లో ఉంచండి. మరుగుదొడ్డి నుంచి వెనక్కి తన్నే నీళ్లు ఆగాలంటే, ఇంటి డ్రైనేజీ పైపు వీధి మ్యాన్‌హోల్‌కు కలిసేచోట నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టమని ఓనరుగారిని అడగండి. నెలకోసారి దాని రెక్క శుభ్రం చేయాలి, లేకపోతే చెత్త అడ్డుపడి మూసుకోదు.

*ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్ రెండుసార్లు మునిగింది. బయటికి తెలిస్తే ఫ్లాట్ల ధర పడిపోతుందని అసోసియేషన్‌లో కొందరు ఏ పనీ చేయనివ్వడం లేదు.*
— మదీనాగూడ నుంచి

జవాబు: దాచడం మంచిది కాదు, చట్టం కూడా ఒప్పుకోదు. ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలుగా చూస్తే తెలుసుకోలేని ముఖ్యమైన లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే చెప్పి తీరాలి. అసోసియేషన్ మినిట్స్‌లో రెండు వరదలూ రాసి ఉంటాయి. తెలియదని ఎవరూ అనలేరు. చేసిన పనుల బిల్లులు చూపించగలిగిన భవనం ధర నిలబెట్టుకుంటుంది.

పని ర్యాంప్ దగ్గర మొదలుపెట్టండి. రోడ్డు మీద ఇప్పటిదాకా వచ్చిన గరిష్ఠ నీటి మట్టాన్ని గేటు స్తంభం మీద గుర్తించి, ర్యాంప్ మొదట్లో దిబ్బను అంతకంటే ఒక అడుగు ఎత్తు చేయండి. కారు అడుగు తగలకుండా రెండు వైపులా వాలు పొడుగ్గా ఉండాలి. చోటు చాలకపోతే గేటు గాడిలో దిగే ఇనుప పలక, అంచులకు రబ్బరు పట్టీ. తర్వాత కరెంటు ప్యానెల్, జనరేటర్ స్టిల్ట్ (నేల మట్టంలోని పార్కింగ్) లోకి లేదా పైకి మార్చాలి. సెల్లార్‌లో జనరేటర్ ఉంటే, దాని అవసరం పడే రోజే అది మునుగుతుంది. లిఫ్టు వాన ఎక్కువైనప్పుడు పై అంతస్తులో ఆగి ఉండేలా వాచ్‌మన్‌కు చెప్పండి.

మోటార్ల మీదే భారం వేయకండి. 1,000 చదరపు మీటర్ల సెల్లార్‌లో ఒక్క అడుగు నీరంటే 3 లక్షల లీటర్లు. నిమిషానికి వెయ్యి లీటర్లు తోడే 5 హెచ్‌పీ మోటారుకు ఐదు గంటలు, అదీ కొత్త నీరు రాకపోతే. నిండా మునిగిన సెల్లార్‌ను ఒక్కసారిగా ఖాళీ చేయొద్దు. బయటి మట్టి నీటితో బరువెక్కి గోడను లోపలికి నెడుతుంటుంది, లోపలి నీరే దానికి ఎదురు నిలుస్తుంది. రోజుకు మూడో వంతు లోతు చొప్పున తీసి, మర్నాడు మట్టం మళ్లీ పెరిగిందేమో చూసుకుని ముందుకెళ్లండి. కరెంటు తీయించకుండా ఎవరూ దిగకూడదు.

మంచినీళ్ల సంపులో వరద కలిస్తే ఖాళీ చేసి, కడిగి, నింపి, 10,000 లీటర్లకు కిలోన్నర బ్లీచింగ్ పౌడరు కలిపి ఒక రోజు ఉంచి ఆ నీరంతా పారబోయండి. ఆ నీరు వాడకూడదు.

*ప్రశ్న: అమెరికాలో టెక్సస్‌లోని కేటీలో ఇల్లు చూస్తున్నాం. ఫెమా (అక్కడి విపత్తుల సంస్థ) మ్యాపులో వరద జోన్ బయటే ఉంది, బ్యాంకు వరద బీమా అడగలేదు. వదిలేయొచ్చా?*
— హ్యూస్టన్ నుంచి

జవాబు: వదలొద్దు. కేటీకి తూర్పున ఆడిక్స్, బార్కర్ అనే రెండు జలాశయాలున్నాయి. 1940ల నాటి కట్టలు. మామూలు రోజుల్లో అవి ఎండిపోయి పార్కుల్లా ఉంటాయి. నీళ్లు నిల్వ ఉండాల్సిన చోటంతా ప్రభుత్వం కొనలేదు. మిగిలిన అంచుల్లో కాలనీలు లేచాయి. 2017 ఆగస్టులో హార్వీ వానకు జలాశయం నిండి, ఆ ఇళ్లు వెనక నుంచి వచ్చిన నీటిలో మునిగాయి. జోన్ బయటున్నాయని బీమా లేని ఇళ్లు వాటిలో ఎన్నో. 2019లో ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు ఎగువ ఇళ్ల విషయంలో ప్రభుత్వానిదే బాధ్యత అంది. మన చెరువు శిఖంలో వేసిన వెంచర్లకు, వీటికి తేడా తక్కువ.

అదే ఏడాది టెక్సస్ చట్టం మారింది. ఇల్లు గతంలో మునిగిందా, జలాశయ వరద పరిధిలో ఉందా అన్నది అమ్మేవాళ్లు డిస్‌క్లోజర్ పత్రంలో రాయాలి. ఆ పేజీ చదవండి, లేఔట్ పటం మీద రాసిన గమనికలు (ప్లాట్ నోట్స్) కూడా చదవండి. మామూలు ఇంటి బీమా వరదకు వర్తించదు. జాతీయ వరద బీమాలో కట్టడానికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు, సామానుకు లక్ష. పాలసీ తీసుకున్నాక సాధారణంగా 30 రోజులకు గానీ అమలులోకి రాదు కాబట్టి, తుపాను వార్త విన్నాక తీసుకుంటే లాభం లేదు.

*ప్రశ్న: రోడ్డు మీద రోడ్డు వేసి మా ఇల్లు రెండడుగులు కిందికి పోయింది. జాకీలతో లేపిస్తే ఎలా ఉంటుంది?*
— కాకినాడ నుంచి

జవాబు: ముందు వార్డు కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి: ఈసారి రోడ్డు వేసేటప్పుడు పాత పొర గీకి తీసి వేయమని. వీధిలో అందరూ కలిసి సంతకాలు చేస్తే బలం. ఒక్కొక్కరే ఇల్లు లేపుకుంటూ, ప్లాటు మట్టితో నింపుకుంటూ పోతే ఆ నీళ్లు లేపుకోలేని ఇంటికి చేరతాయి.

లేపాల్సే వస్తే, గోడల మీద నిలిచిన ఒకటి రెండంతస్తుల ఇంటికి ఇది సాధ్యమే. గోడ అడుగున కొంచెం కొంచెంగా తవ్వుతూ ఇనుప చానెళ్లు దూర్చి, దగ్గర దగ్గరగా జాకీలు పెట్టి, అన్నిటినీ ఒకేసారి కొద్దికొద్దిగా తిప్పుతారు. లేచింది గోడలే, నేల కాదు. లోపల మట్టి నింపి టైల్స్ అన్నీ కొత్తగా వేయాలి. మెట్లు, డ్రైనేజీ వాలు, సెప్టిక్ ట్యాంకు కనెక్షన్ మళ్లీ చేయాలి. ఈ ఖర్చు కాంట్రాక్టరు చదరపు అడుగు రేటులో సాధారణంగా ఉండదు, ముందే అడగండి. పాడయ్యేది ఎక్కువగా మూడు చోట్ల: నల్లరేగడిలో జాకీ కింది పునాది దిగబడి తలుపుల మూలల్లో పగుళ్లు, పక్కింటితో ఉమ్మడి గోడ ఉన్నప్పుడు రెండిళ్లకూ దెబ్బ, పిల్లర్ల ఇంటికి కాలమ్ కోసి లేపాక ఇనుము సరిగా కలపకపోవడం. పిల్లర్ల ఇల్లైతే స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగు లేకుండా ఒప్పుకోకండి. డబ్బు దశలవారీగా ఇవ్వండి, చివరి విడత ఒక వానాకాలం గడిచాక.